బోధన్ నుంచి బర్కతమ్మ వచ్చిన దారి

మన ముందరి గదిలో తలుపుకు ఎదురుగా ఉన్న పెద్ద బొమ్మను మీరందరూ చూశారు. సెలవులకు వచ్చిన ప్రతిసారీ మీలో ఎవరో ఒకరు దాని ముందు నిలబడి, "నాయనమ్మా, ఈమెకు బొట్టెందుకు లేదు" అని అడుగుతారు. నేను పొయ్యి మీద పాలున్నాయని లోపలికి పోతాను. అవి పొంగేలోపు చెప్పి ముగించే సంగతి కాదది. ఇంతలో సెలవులు అయిపోతాయి, మీరు పూనాకో నాగపూరుకో రైలెక్కేస్తారు. ఈసారి మీరు దూరంగా ఉన్నప్పుడే, ఏ పొయ్యీ వెలిగించకుండా కూర్చుని చెబుతున్నాను.

ఆ బొమ్మ బోధన్ నుంచి ఎద్దుల బండి మీద వచ్చింది. తెచ్చినవాళ్ళలో నేనున్నాను. ఆ దారిని మీరెవరూ చూడలేదు. ఇప్పుడు బస్సులో పోయినా చూడలేరు, అది మిమ్మల్ని అంత తొందరగా దించేస్తుంది. బండి మీద పోతేనే దారి దారిలా కనిపిస్తుంది.

ఇందూరులో ఖాళీ గోడ

అవి నైజాం రోజులు. కాగితాల్లో నిజామాబాదు అని రాసినా మా నోళ్ళలో ఇందూరే. నిజాంసాగర్ నీళ్ళు కాలువల్లోకి వచ్చి, బోధన్ చుట్టూ రైతులు చెరకుకు అలవాటు పడిన కాలం. బోధన్‌లో చక్కెర మిల్లు కడుతున్నారని సంతలో అందరూ చెప్పుకునేవారు. నేను కొత్త కోడలినే. మా పుట్టిల్లు మాక్లూరు. మా మామది పసుపు వ్యాపారం.

ఆ ఏడు మా మామ ఈ ఇల్లు కట్టించాడు. ముందర పెద్ద గది, పైన టేకు దూలాలు, సున్నం తీర్చిన గోడలు. పసుపు కొనడానికి వచ్చే మరాఠీ వ్యాపారులను అందులో కూర్చోబెట్టాలని ఆయన ఆశ. తలుపు తీయగానే ఎదురుగా కనిపించే గోడ ఖాళీగా ఉంది. ఆ గోడ మీద ఆయనకు మనసంతా ఉండేది. దేవుళ్ళ పటాలు పూజగదిలో ఉన్నాయి. ఇక్కడ దొరల బంగళాల్లో ఉంటుందే, గోడంత పటం, అటువంటిది కావాలి. మా వీధిలో ఇంకో షావుకారు నిలువుటద్దం తెచ్చి పెట్టుకున్నాడు. మామ దాని మాట ఎత్తేవాడు కాదు గానీ, ఆ ఇంటి ముందు నుంచి పోయేటప్పుడు నడక తొందర చేసేవాడు.

అంతలో కబురు వచ్చింది. బోధన్‌లో కాలువల పని చూసిన ఇంజనీరు దొర తన దేశానికి తిరిగిపోతున్నాడు, బంగళాలో సామానంతా హర్రాజు వేస్తున్నారు అని.

ఇక రాజవ్వ గురించి చెప్పాలి. మీ తాతకు అక్క, నాకు వదినె. చిన్నప్పుడే పెళ్ళి చేశారు. కాపురానికి పోకముందే ఆ పిల్లవాడు జ్వరంతో పోయాడు. అప్పటినుంచి మా వాళ్ళ పద్ధతి ప్రకారం తెల్లచీర, బోసి నుదురు, బోసి చేతులు. మా అత్త కంటే ఇంటిపని ఆమెకే ఎక్కువ తెలుసు. పసుపు కొమ్ము విరిచి వాసన చూసి అది ఏ నేలదో చెప్పేది. అయినా ముందరి గదిలోకి మాత్రం రాకూడదు. ఎవరైనా ఊరికి బయలుదేరితే ఎదురు పడకూడదు. ఎవరూ చెప్పకముందే ఆమె తలుపు వెనక్కి తప్పుకునేది.

గృహప్రవేశం దగ్గర పడింది. ఆ రోజు రాజవ్వ వెనక వసారాలో వంట గిన్నెల దగ్గరే ఉండాలని మా అత్త చెప్పింది. కసిరి చెప్పలేదు. తల దువ్వుతూ చెప్పింది. "జెర లోపట్నే ఉండు బిడ్డా. నలుగురు నాలుగు మాటలంటె నేను వినలేను" అంది. రాజవ్వ ఊఁ అంది. అంతే. ఆ ఊఁ నాకు ఆ తర్వాత చాలా రోజులు చెవిలో ఉండిపోయింది. కట్టే ఇంటికి సున్నం గచ్చు కూడా తన చేతులతో నూరిన మనిషి ఆమె.

అప్పుడే, కూతురికి ఆ మాట చెప్పానన్న దిగులుతోనో ఏమో, మా అత్త ఆమెను మామతో బోధన్ పంపింది. అక్కడి శివుడి గుడికి మొక్కు ఉంది, దర్శనం చేసుకుని రమ్మంది. ఆడమనిషి తోడు ఉండాలని నన్నూ పంపారు.

బయలుదేరడం

ఎద్దులను ఇంకా కట్టకముందే రాజవ్వ వెళ్ళి గూడుబండిలో కూర్చుంది, ముఖం వెనక్కి తిప్పుకుని. ఎందుకో నాకు మొదట అర్థం కాలేదు. ముందే ఎక్కి కూర్చుంటే బండికి ఎవరూ ఎదురు వచ్చినట్టు కాదు. ఆమె పోయే ప్రయాణానికి ఆమే ఎదురు రాకుండా చూసుకుంది. బండి నడిపే మల్లయ్య అది గమనించి గొంతు సవరించుకున్నాడు. అతను మా మామ కంటే పెద్దవాడు. "రాజవ్వా, నా ఎద్దులకు శకునాలు రావు. గడ్డి ఒక్కటే వస్తది. ముందటికి తిరిగి కూసో, దారి సూడు" అన్నాడు.

ఆమె తిరగలేదు. ఊరు దాటాక తిరిగింది.

నేను మాత్రం దారంతా మాట్లాడుతూనే ఉన్నాను. మా మాక్లూరు వైపు అప్పట్లో బావుల కింది సాగు. నేల ఎర్రగా, జొన్న చేలు, మధ్యలో పసుపు మడులు. ఎడపల్లి దగ్గర పడేసరికి చలిగాలి కూడా మారింది. కాలువ నీటి వాసన, చెరకు ఆకు వాసన. మనిషి కంటే ఎత్తు చెరకు రెండు వైపులా. బండి దానిలోంచి పోతుంటే గూడు మీద ఆకులు రాసుకుని గరగరమని శబ్దం.

ఎడపల్లి, బెల్లం పొయ్యి

ఎడపల్లిలో మా మామకు పసుపు అమ్మే రైతు ఇంట దిగాం. ఆయన భార్య పేరు గంగవ్వ. పొడుగు మనిషి, రూపాయంత బొట్టు, మోచేతి దాకా గాజులు. దూరం నుంచే వినిపించే గొంతు. బండి దిగగానే నన్ను పట్టుకుని, "మాక్లూరు పిల్లవా? గందుకే ఇంత సన్నగున్నవ్. మా ఊరి నీళ్ళు తాగు, వచ్చే ఏటికి బండి పట్టవ్" అంది.

వాళ్ళ పెరటి వెనక గానుగ తిరుగుతోంది. ఎద్దులు చుట్టూ నడుస్తుంటే చెరకు రసం కుండలోకి ధారగా పడుతోంది. పక్కన పెద్ద కళాయిలో బెల్లం ఉడుకుతోంది. గంగవ్వ మోదుగాకులో వేడివేడి పాకం పోసి, దాని మీద వేయించిన పల్లీలు చల్లి ఇచ్చింది. నాలుక కాలింది. అయినా ఆకు నాకేశాను. మాక్లూరులో బెల్లం అంటే పండుగకు కొనే వస్తువు. ఇక్కడ పిల్లలు కర్ర ముక్కతో కళాయి అంచు గీకి తింటున్నారు. రాత్రికి జొన్నరొట్టె ఉంటుందనుకున్నాను. అన్నం పెట్టింది. కాలువ వచ్చాక రోజూ అన్నమేనట. ఆ మాట ఆవిడ కొంచెం గర్వంగానే చెప్పింది.

రాజవ్వకు కూడా అంతే ప్రేమగా పెట్టింది, పక్కన కూర్చుని. అది చెప్పాలి. గంగవ్వ చెడ్డ మనిషి కాదు. అయితే మరునాడు మేము బయలుదేరేటప్పుడు రాజవ్వ మళ్ళీ ముందే పోయి బండిలో కూర్చుంటే, గంగవ్వ ఆపలేదు. అందరికీ అది అలవాటే.

బోధన్, దొర బంగళా

బోధన్‌లో ముందు గుడికి పోయాం, మొక్కు తీర్చాం. బజారులో సగం మాట తెలుగు, సగం మరాఠీ, మధ్యలో ఉర్దూ. నాందేడ్ వైపు నుంచి వచ్చిన ఒక ముసలావిడ కమలాలు అమ్ముతోంది. ఆమె మరాఠీలో ధర చెప్పింది, మామ తెలుగులో బేరమాడాడు, ఇద్దరికీ అర్థమైంది. అణాకు నాలుగు ఇచ్చింది. మా ఇందూరులో అణాకు మూడే.

దొర బంగళా ఊరి బయట, కాలువ వైపు. ముందు గడ్డి మీద కుర్చీలు, మంచాలు, దీపాలు, స్నానానికి తొట్టి ఒకటి పెట్టారు. ఆ తొట్టిని చూసి మల్లయ్య దాణాకు మంచిగుంటదని కొనమన్నాడు. చుట్టూ మగవాళ్ళే. వంట చేసే సత్తార్ మియా మమ్మల్ని ఇద్దరినీ వెనక వరండాలో కూర్చోబెట్టి చాయ్ ఇచ్చాడు. ముందు వైపు నుంచి హర్రాజు పాట వినిపిస్తూనే ఉంది.

పటాలు మూడని ముందే తెలిసింది. ఒకటి పులివేట. ఏనుగులు, తుపాకులు, గడ్డిలో పులి. మామకు చూడగానే అదే నచ్చింది. రెండోది తుఫానులో ఓడ. ఈ రెండూ ముందర చెట్టుకు ఆనించి పెట్టారు. మూడోదాన్ని ఎవరూ కొనరనుకున్నారో ఏమో, మేము కూర్చున్న వెనక వరండాలోనే గోడవైపు తిప్పి వదిలేశారు. రాజవ్వే లేచి దాన్ని ఇటు తిప్పింది.

మీకు తెలిసిన బొమ్మే అయినా ఆ రోజు మేము మొదటిసారి ఎలా చూశామో చెబుతాను. తెల్లరాతి స్తంభాలు. వాటి ముందు నిలబడిన ఒక ఆడమనిషి. ఒళ్ళంతా తెల్లబట్ట, మడతలు మడతలుగా, నీళ్ళు జారినట్టు. నుదుట ఏమీ లేదు. మెడలో ఏమీ లేదు. చేతులకు ఒక్క గాజు లేదు. ఒక చేతిలో గోధుమ కంకుల కట్ట. ఇంకో చేతిలో పెద్ద కొమ్ము, దానిలోంచి ద్రాక్షలు, దానిమ్మలు, ఇంకా మనకు పేరు తెలియని పండ్లు కింద పొర్లిపోతున్నాయి. పాదం కింద విరిగిన కత్తి. పక్కన రెక్కలున్న పసివాడు. ఆమె ముఖంలో ఏడుపు లేదు, నవ్వు లేదు. ఇంటిపని అంతా అయ్యాక వాకిట్లో నిలబడిన మనిషి ముఖం.

రాజవ్వ దాని ముందు ఎంతసేపు నిలబడిందో. చాయ్ చల్లారింది. నేను ఎవరీమె అని సత్తార్ మియాను అడిగితే, దొరగారి ముత్తవ్వ అయి ఉంటుందన్నాడు. రెక్కల పిల్లవాడు ఎవరంటే, ఆమె మనవడు అన్నాడు, ఏ తడబాటూ లేకుండా.

అంతలో ముందు వైపు నుంచి మామ వచ్చాడు, ముఖం వేలాడేసుకుని. పులివేట కోసం ఒక దేశ్‌ముఖ్ గుమాస్తా పాట పెంచుకుంటూ పోయాడట. పులి చేయి జారింది. ఓడ మిగిలింది. మల్లయ్య నిష్ఠూరంగా, "మన ఇంట్ల ఓడ ఎందుకు పటేలా? ఇందూరుల సముద్రం యాడుంది? జనం సూసి మనం యాడ్కో పోతున్నమనుకుంటరు" అన్నాడు. మామ నవ్వలేదు. ఉత్త చేతులతో తిరిగి పోతే ఆ గోడను గృహప్రవేశం నాడు అందరూ చూస్తారు.

అప్పుడు రాజవ్వ నోరు తెరిచింది. తెల్లచీర కట్టినప్పటినుంచి ఆమె ఏదీ అడగ్గా ఆ ఇంట్లో ఎవరూ వినలేదు.

"బాపూ, గీ పటం తీస్కో."

మామ ఆమె వైపు చూశాడు, పటం వైపు చూశాడు. తెలియకుండా కొనడం ఇష్టం లేక, సామాను చిట్టీ రాస్తున్న ఒక తురకటోపీ గుమాస్తాను పిలిచాడు. చట్రం కింద చిన్న ఇత్తడి రేకు ఉంది. ఆయన ఇంగ్లీషు చదివి, ఉర్దూలో చెప్పాడు. ఇది ఎవరి తసవీరూ కాదు. అమన్ అంటే శాంతి, బర్కత్ అంటే సమృద్ధి, ఆ రెండింటినీ ఒక ఆడమనిషిలా గీశారు. కత్తి విరిగితే యుద్ధం లేదని, కొమ్ము నిండితే కరువు లేదని అర్థం.

బర్కత్ అనే మాట మాకు కొత్త కాదు. ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కొలతకు ఒకటి అనకుండా బర్కత్ అనేవాళ్ళం. మామ ముఖం కొంచెం తేటపడింది. "అంటె మన లచ్చిమి లెక్క" అన్నాడు.

"లచ్చిమి కాదు బాపూ" అంది రాజవ్వ. "లచ్చిమికి ఒంటినిండ నగలుంటయ్. ఈమెకు ఏం లేవు. చేతుల నిండ పంట ఉన్నది."

మామ తిరిగి హర్రాజు దగ్గరికి పోయాడు. పులికి పోసేదాంట్లో సగం కూడా పోయకుండానే పటం మాదైంది. మోసుకు వచ్చేటప్పుడు సత్తార్ మియా ఒక మంచి మాట చెప్పాడు. గోడకు అంటించినట్టు కట్టకండి, పైన కొంచెం ముందుకు వంచి తాడు వేయండి, లేకుంటే వెలుగు పడి ముఖం మెరిసి ఏమీ కనిపించదు అని. దొరగారి ముత్తవ్వ అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

మళ్ళీ ఎడపల్లి

పటం బండి గూడులో పట్టలేదు. గూడు విప్పి, కింద గడ్డి పరిచి, పటాన్ని బొంతల్లో చుట్టి, పైన గోనెసంచులు కప్పి నిలబెట్టి కట్టాం. మేము దానికి అటూ ఇటూ కూర్చున్నాం. రాజవ్వ దారంతా ఒక చేయి దాని మీద వేసి ఉంచింది. నాతో మాట్లాడింది కూడా. కిటికీ వెలుగు ఎటు పడుతుందో, ఎంత ఎత్తులో కట్టాలో. దేవుడి పటంలా దూలం దగ్గర కట్టొద్దట, నిలబడిన మనిషి ముఖానికి ఆమె ముఖం సమంగా రావాలట. తాను కాలు పెట్టకూడని గదికి ఆమె కొలతలు చెబుతోంది. నేను కమలం ఒలిచి ఆమె నోట్లో పెట్టాను.

ఎడపల్లిలో బండి ఆగగానే గంగవ్వ, ఇద్దరు ముగ్గురు ఇరుగుపొరుగు ఆడవాళ్ళు చుట్టూ చేరారు. ఏం తెచ్చారో చూపించమన్నారు. మామ గర్వంగానే గోనె తీయించి, ఇది బర్కత్ బొమ్మ అని చెప్పాడు. మా దగ్గర కొత్త వస్తువు ఏది ఇంటికి వచ్చినా, బండైనా నాగలైనా, దానికి పసుపు కుంకుమ పెట్టడం ఆనవాయితీ కదా. గంగవ్వ సంబరంగా కుంకుమ భరిణె తెచ్చింది. వేలు ముంచి, పటం దగ్గరికి వచ్చి, ఆగిపోయింది.

"షావుకారీ, ఈమె ముత్తైదువ కాదు గదా" అంది. "తెల్లబట్ట. బొట్టు లేదు, గాజు లేదు. కొత్త ఇంట్ల, దర్వాజకు ఎదురుంగ గిట్ల పెడతరా? లోపటికి వచ్చేటోళ్ళకు మొదలు ఈమెనే ఎదురొస్తది."

రాజవ్వ నా పక్కనే నిలబడి ఉంది, తెల్లచీరలో. గంగవ్వ మాట అన్నాక ఆమెను చూసింది, చూసి నాలుక కరుచుకుంది. అన్న మాట అబద్ధమని కాదు, అది ఎవరి ముందు అన్నానా అని. తర్వాత రాజవ్వకే పెద్ద గ్లాసుతో చెరకు రసం తెచ్చి ఇచ్చింది. రాజవ్వ తాగింది. గోనెసంచి తీసి తన చేతులతోనే పటం మళ్ళీ కప్పింది.

ఎడపల్లి దాటాక మామ ఎద్దుల వైపు చూస్తూ అన్నాడు, దీన్ని పసుపు గోదాములో పెడదామని. పారేయడం కాదు, అక్కడా గోడ ఉందిగా అని. ఎవరికి చెబుతున్నాడో తెలియనట్టు చెప్పాడు. రాజవ్వ పటం మీది చేయి తీయలేదు.

కాలువ దగ్గర

కాలువ నీళ్ళు ఒక చోట గట్టు తెగి దారి మీదికి వచ్చాయి. పోయేటప్పుడు లేవు. మల్లయ్య దిగి కర్రతో లోతు చూసి, పోవచ్చు అన్నాడు. సగం దూరం పోయాక ఒక చక్రం బురదలోకి దిగింది. బండి నా వైపుకు ఒరిగింది. మామ ఎద్దుల దగ్గరికి దూకాడు. నేను దూకానో పడ్డానో ఇప్పటికీ చెప్పలేను, చలికాలం నీళ్ళలో నడుము దాకా తడిశాను. చెప్పు ఒకటి కాలువకు ఇచ్చేశాను.

చూస్తే రాజవ్వ అవతలి నుంచి దిగి వచ్చి, బండి ఒరిగిన వైపున నీళ్ళలో నిలబడి ఉంది. జారుతున్న పటాన్ని భుజంతో ఆపి పట్టుకుంది. చక్రం కింద రాళ్ళు వేసి బండిని లేపిందాకా అలాగే ఉంది. పటం చట్రానికి బురద అంటింది గానీ బొమ్మకు చుక్క నీరు అంటలేదు. ఆమె పెదవులు మాత్రం నీలంగా అయ్యాయి.

మామ తన శాలువ తీసి ఆమెకు కప్పాడు. గట్టున చితుకులతో మంట వేసి, మూట విప్పి అటుకులు, గంగవ్వ కట్టిచ్చిన బెల్లం తిన్నాం. ఇంత బెల్లం ఇచ్చిన మనిషి మీద కోపం ఎలా ఉంచుకోవాలో కూడా తెలియదు. నేనే మాట ఎత్తాను. చిన్నగా మాట్లాడతానని మీరు నవ్వుతారు గానీ, చెప్పాల్సింది నేను ఎప్పుడూ మింగలేదు.

"మామా, ఒక మాట. పటం గోదాముల పెడితె, వదినెను ఎందుకు లోపట పెట్టినమో అందరికీ మళ్ళ చెప్పినట్టయితది."

ఆయన మంటలో పుల్ల విరిచి వేశాడు. "మీ అత్త ఎట్లంటె గట్ల" అన్నాడు. వద్దు అనలేదు. అది నేను గట్టిగా పట్టుకున్నాను.

ఇల్లు

ఇందూరు చేరాక పటాన్ని ముందరి గదిలో కింద గోడకు ఆనించి పెట్టారు. మా అత్త వచ్చి చూసింది. మామ అన్నీ చెప్పాడు. బర్కత్, కత్తి, కొమ్ము, ఎడపల్లిలో గంగవ్వ అన్న మాట, కాలువ. కాలువ సంగతి వినేటప్పుడు అత్త చేయి చట్రానికి అంటిన ఎండుబురద మీదికి పోయింది.

ఆమె తెలివైన మనిషి. గంగవ్వ అన్నదానిలో తప్పేమీ లేదనుకుంది, కూతురు అడిగిన వస్తువును గోదాముకు పంపడమూ ఆమెకు ఇష్టం లేదు. దారి ఒకటి కనిపెట్టింది. "గింతదానికి ఇంత ఆలోచన ఎందుకు? బొట్టు పెడదాం. కుంకుమ నూనెల కలిపి పెడితె ఉండిపోతది. బొట్టు ఉంటె ముత్తైదువనే. ఎవ్వలేమంటరు" అంది.

అందరికీ నచ్చింది. మామకు ఊపిరి తిరిగింది. మల్లయ్య బొట్టు పెద్దగా పెట్టమన్నాడు, గంగవ్వకు దూరం నుంచే కనిపించేలా. పటాన్ని లేపి, టేకు మేకులకు తాడు వేసి కట్టారు, పైన కొంచెం ముందుకు వంచి. ఎత్తు నేను చూపించాను, రాజవ్వ చెప్పిన ఎత్తే. మధ్యాహ్నం వెలుగు పక్క కిటికీలోంచి పడి, ఆ పండ్లన్నీ ఇప్పుడే కోసినట్టు కనిపించాయి.

రాజవ్వ ఎప్పటిలాగే లోపలి గుమ్మానికి అవతల నిలబడి చూస్తోంది.

అత్త చిన్న గిన్నెలో కుంకుమ నూనెతో కలిపి తెచ్చింది. వేలు ముంచింది. ఆమె వేలు పటం నుదుటి దగ్గరికి పోయింది.

"అవ్వా" అంది రాజవ్వ.

అత్త ఆగింది.

"ఆమెకు బొట్టు పెట్టి ఉంచుకుంటవ్. నాకు ఏం పెట్టి ఉంచుకుంటవ్?"

గట్టిగా అనలేదు. ఏడవలేదు. ఉప్పు ఎక్కడ పెట్టావని అడిగినట్టు అడిగింది.

అత్త వేలు అలాగే గాలిలో ఉంది. వేలి చివర కుంకుమ చుక్క కట్టి, కింద పడబోతోంది. ఆమె పటం ముఖం చూసింది. నిలబడిన మనిషి ఎత్తుకే కట్టాం కదా, ఆ ముఖం సరిగ్గా ఆమె ముఖానికి ఎదురుగా ఉంది. చాలాసేపు చూసింది. తర్వాత గిన్నె తెచ్చి నా చేతిలో పెట్టింది. పటం కింది మూల పట్టుకుని కొంచెం లేపింది.

"ఆడ నిలవడ్డవేంది బిడ్డా" అంది, తల తిప్పకుండా. "ఇటు రా. ఆ మూల పట్టు. ఒంకరగున్నది."

నేను కొలిచి కట్టించిన పటం. వెంట్రుకవాసి ఒంకర లేదు. నేను ఆ మాట అనలేదు.

రాజవ్వ గుమ్మం దాటి వచ్చింది. రెండో మూల పట్టుకుంది. తల్లీకూతుళ్ళు ఇద్దరూ సరిగ్గా ఉన్నదాన్ని సరిచేస్తూ చాలాసేపు నిలబడ్డారు.

గృహప్రవేశం నాడు వచ్చినవాళ్ళకు ముందరి గదిలో పన్నీరు చల్లింది రాజవ్వ. నలుగురు నాలుగు మాటలు అనుకునే ఉంటారు. మా అత్త ఆమె పక్కనే, భుజానికి భుజం తగిలేలా నిలబడింది, ఆ మాటలు తన మీద పడనీ అన్నట్టు. మరాఠీ వ్యాపారులు బొమ్మ చూసి ఎవరని అడిగితే మామ బర్కతమ్మ అన్నాడు. ఆ పేరే నిలిచింది. గంగవ్వ ఎడపల్లి నుంచి బెల్లం గంప ఎత్తుకుని వచ్చింది. గడప దాటి, ముందు బొమ్మను చూసింది, దాని ముందు నిలబడిన రాజవ్వను చూసింది. గంప తెచ్చి రాజవ్వ చేతుల్లోనే పెట్టింది. "బరువుంటది, జెర పైలం" అంది.

ఆ తర్వాత రాజవ్వ మా ఇంట్లో ఎవరు ఊరికి పోయినా ముందరి గదిలో నిలబడే సాగనంపింది. మీ నాయన మొదటిసారి నాగపూరు పోయినప్పుడు కూడా.

ఇది సంగతి. ఈసారి వచ్చినప్పుడు పటం దగ్గరికి పోయి, ఎడమ వైపు కింది మూల చట్రం చూడండి. బంగారు పూత మీద ఎర్రగా, బొటనవేలంత మరక ఉంటుంది. మా అత్త చేతి కుంకుమ అది. నా తర్వాత ఆ బొమ్మ మీలో ఎవరింటికి పోయినా సరే, తలుపుకు ఎదురుగా, మీ ముఖం ఎత్తులో, పైన కొంచెం ముందుకు వంచి కట్టండి. చట్రానికి దుమ్ము పడితే పొడిబట్టతో తుడవండి. ఆ మూల మాత్రం తుడవకండి.